ఒళ్ళు మెల్లగా తగ్గుతోందా? దిగులు పడకండి

(ఆరోగ్య కేంద్రానికి వచ్చే దంపతుల కోసం ఇచ్చిన ప్రసంగ పాఠం)

కుటుంబ నియంత్రణ కాగితంలో ఒళ్ళు తగ్గడం గురించి చెబుతారేమిటని మీరు అనుకోవచ్చు. కారణం ఉంది. మార్కాపురం, గిద్దలూరు, కంభం వైపు నలభై దాటిన ఆడవాళ్ళు తరచు అనే మాట ఒకటుంది. "పిల్లల ఆపరేషన్ అయినప్పటినుంచి ఒళ్ళు వచ్చిందమ్మా. ఆరు నెలలుగా కొర్రన్నమే తింటున్నా. నూనె తగ్గించా. తీపి ముట్టుకోవడం లేదు. అయినా రెండు కిలోలు కూడా తగ్గలేదు. ఇక నా ఒళ్ళు ఇంతే!"

ఈ మాటలో మూడు సంగతులున్నాయి. ఆపరేషన్ వల్ల ఒళ్ళు వచ్చిందనడం ఒకటి. అది తప్పు. మంచి తిండి తింటున్నా బరువు మెల్లగా తగ్గుతోందనడం రెండవది. అది నిజం. ఇక లాభం లేదని వదిలేయడం మూడవది. అన్నిటికంటె నష్టం చేసేది అదే. ఈ మూడింటినీ వరుసగా చూద్దాం.

ఆపరేషన్ వల్ల ఒళ్ళు వస్తుందా?

ట్యూబెక్టమీలో డాక్టరు చేసేది చిన్న పని. అండం నడిచివచ్చే రెండు సన్నని గొట్టాలను ముడివేసి కత్తిరిస్తారు, లేదా రింగు వేసి మూసివేస్తారు. అండాశయాలను ముట్టుకోరు. గర్భసంచిని ముట్టుకోరు. అందువల్ల హార్మోనులు ఎప్పటిలాగే ఊరుతాయి, నెలసరి ఎప్పటిలాగే వస్తుంది. ఒళ్ళు పెరగడానికి ఆ ఆపరేషన్‌లో ఏ కారణమూ లేదు.

మరి ఆ తరువాతే ఒళ్ళు వచ్చిందని ఎందుకనిపిస్తుంది? ఆ సమయం అలాంటిది. మనవైపు రెండో కాన్పో మూడో కాన్పో కాగానే ఆపరేషన్ చేయించుకుంటారు. కడుపుతో ఉన్నప్పుడు పెరిగిన బరువు పూర్తిగా దిగకముందే బాలింత తిండి, విశ్రాంతి మొదలవుతాయి. పిల్లలకు పాలు మాన్పించిన తరువాత కూడా ఆ తిండి అలవాటుగా మిగిలిపోతుంది. ఆ పైన వయసు. ఈ మూడూ కలిసి చేసిన పనికి పేరు ఆపరేషన్‌కు వచ్చింది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ వివాహిత స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవారే. అదే సర్వేలో మగవారి ఆపరేషన్ మీద ఆధారపడిన దంపతులు నూటికి ఒక్కరు కూడా లేరు. అయ్యలారా, వేసెక్టమీ చేయించుకుంటే ఒళ్ళు వస్తుందనీ, సత్తువ పోతుందనీ మీరు భయపడుతున్నారు. అందులో కూడా వీర్యకణాలు వచ్చే గొట్టాన్నే మూస్తారు. మగతనాన్నిచ్చే హార్మోను వృషణాల్లో ఊరి నేరుగా రక్తంలో కలుస్తుంది. దానికి ఆ గొట్టంతో పనే లేదు.

మిగతా పద్ధతుల సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్పుకుందాం. కాపర్-టి లో హార్మోను లేదు, దానివల్ల బరువు పెరగదు. మూడు నెలలకొకసారి వేసే 'అంతర' ఇంజెక్షన్ వల్ల కొందరికి కొంత బరువు పెరగవచ్చు. అలా అనిపిస్తే మీ అంతట మీరు మానేయకండి. ఏ.ఎన్.ఎం.గారితో చెప్పండి, వేరే పద్ధతి చూపిస్తారు. మధ్యలో ఖాళీ వస్తే గర్భం వస్తుంది.

గర్భసంచి తీసివేసే ఆపరేషన్ వేరు. రెండింటినీ కలపవద్దు. దాంతోపాటు అండాశయాలు కూడా తీసివేస్తే ముప్పై ఏళ్ళ మనిషికైనా ముట్లుడిగిపోయినట్టే. దాని ఫలితాలు ఎముకల మీదా, గుండె మీదా, ఒంటి మీదా పడతాయి. ఆ సర్వేలోనే మన రాష్ట్రంలో 15–49 ఏళ్ళ స్త్రీలలో నూటికి దాదాపు 9 మందికి గర్భసంచి తీసివేశారని తేలింది. దేశం మొత్తం మీద నూటికి 3 మందికే. తెల్లబట్ట అవుతోందనో, నడుము నొప్పి అనో గర్భసంచి తీసేయించుకోకండి. ఎవరైనా తీసేయాలంటే ప్రభుత్వాసుపత్రిలో ఇంకొక డాక్టరుకు చూపించుకుని ఆ తరువాతే నిర్ణయించుకోండి.

చెరువు లెక్క

బరువు ఎందుకు మెల్లగా తగ్గుతుందో తెలియాలంటే కంభం చెరువును తలచుకోండి. గుండ్లకమ్మ నీళ్ళు వచ్చి చేరతాయి. తూముల గుండా పొలాలకు పోతాయి. వచ్చేది ఎక్కువై పోయేది తక్కువైతే మట్టం పెరుగుతుంది. మన ఒళ్ళూ అంతే. తిండి వచ్చే నీరు. పని పోయే నీరు. మిగిలినది కొవ్వుగా నిలువ ఉంటుంది.

కిలో కొవ్వు అంటే సుమారు 7,000 నుంచి 7,700 కెలోరీల నిలువ. రోజుకు 250 కెలోరీలు తగ్గించి తిన్నా ఆ ఒక్క కిలో కరగడానికి నెల పడుతుంది. పదిహేనేళ్ళలో చేరిన పది కిలోలు రెండు నెలల్లో ఎట్లా పోతాయి?

ఇంకొక సంగతి. చెరువు నిండుగా ఉన్నప్పుడు తూము తెరిస్తే నీళ్ళు జోరుగా దూకుతాయి. మట్టం దిగినకొద్దీ జోరు తగ్గుతుంది. 80 కిలోల మనిషి బస్టాండు దాకా నడవడానికి ఖర్చయ్యే శక్తి కంటె, అతనే 72 కిలోలకు దిగాక అంతే దూరం నడవడానికి తక్కువ శక్తి చాలు. అందుకే మొదటి రెండు నెలలు తగ్గినట్టు మూడవ, నాలుగవ నెలలో తగ్గదు. అది మీ తప్పు కాదు. తిండి పనిచేయడం మానేసిందనీ కాదు. ఒంటి లెక్కే అంత.

వయసు చేసే మాయ ఎంత?

నలభై దాటితే ఒంట్లో వేడి తగ్గిపోతుందనీ, అందుకే ఏం తిన్నా కొవ్వవుతుందనీ అంటారు. 2021లో సైన్స్ పత్రికలో ఒక పెద్ద పరిశోధన అచ్చయింది. 29 దేశాలకు చెందిన 6,400 మందికి పైగా మనుషులు రోజుకు ఎంత శక్తి ఖర్చు చేస్తున్నారో అందులో లెక్కకట్టారు. కొవ్వు తీసివేసి మిగతా ఒంటి బరువును బట్టి చూస్తే ఇరవై ఏళ్ళనుంచి అరవై ఏళ్ళదాకా ఆ ఖర్చు ఇంచుమించు ఒకేలా ఉందని తేలింది.

మరి మారింది ఏమిటి? పని మారింది, కండ తగ్గింది. పూర్వం జొన్నలు తిరగలిలో విసిరేవారు, కొర్రలు రోటిలో దంచేవారు. బావినుంచి నీళ్ళు చేది, బిందె చంకన పెట్టుకుని మోసేవారు. చేనికి నడిచిపోయి నడిచివచ్చేవారు. ఇప్పుడు పిండిమరలు, మిక్సీలు, కుళాయిలు, గ్యాసు పొయ్యిలు వచ్చాయి. పక్క వీధికి పోవాలన్నా బండి తీస్తున్నాం. ఇవి రావడం మంచిదే. ఆడవాళ్ళ నడుములకు విశ్రాంతి దొరికింది. కాని అంత పని చేసిన రోజుల్లో తిన్నంత అన్నం ఇప్పుడు కూడా తింటే అది ఒంటికే చేరుతుంది. వాడకపోతే కండ కూడా అరిగిపోతుంది. కండ తగ్గితే కూర్చున్నప్పుడు ఖర్చయ్యే శక్తి కూడా తగ్గుతుంది. ఆడవారికి ముట్లుడిగే వయసులో కొవ్వు తొడలనుంచి పొట్ట వైపు జరుగుతుంది. అందుకే బరువు పెరగకపోయినా జాకెట్టు బిగుస్తుంది.

మంచి తిండే గదా, మరెందుకు తగ్గదు?

ఇక్కడ చాలామంది పొరబడతారు. మంచి తిండి వేరు, తక్కువ తిండి వేరు.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక మన మెట్ట ఊళ్ళల్లో కూడా జొన్న సంగటి, కొర్రన్నం వెనకబడి వరి అన్నం ముందుకు వచ్చింది. ఇప్పుడు షుగరు భయంతో మళ్ళీ కొర్రలు కొంటున్నారు. సంతోషమే. కొర్రల్లో పీచు ఎక్కువ, కడుపు నిండినట్టుంటుంది. కాని 100 గ్రాముల బియ్యంలో ఇంచుమించు 345 కెలోరీలుంటే, జొన్నల్లో కూడా అంతే ఉంటాయి, కొర్రల్లో సుమారు 330 ఉంటాయి. పళ్ళెం నిండా కొర్రన్నం తింటే పళ్ళెం నిండా వరి అన్నం తిన్నదానికి దగ్గరదగ్గరగా సమానమే. వేరుశనగపప్పు బలమైన తిండి, కాని 100 గ్రాముల్లో 560 కెలోరీల పైన ఉంటాయి. నూనె ఏదైనా సరే, గానుగదైనా సరే, చిన్న గరిటెడు, అంటే 10 గ్రాములు, 90 కెలోరీలు.

ఇక లెక్కలోకి రానివి కొన్ని ఉన్నాయి:

1. టీ. రెండు చెంచాల చక్కెర వేస్తే 40 కెలోరీలు. రోజుకు అయిదు టీలు తాగే మనిషికి చక్కెరలోనే 200 అవుతాయి.

2. పిల్లలు వదిలిన అన్నం పారేయలేక అమ్మ తినడం. అది ఎవరి లెక్కలోనూ ఉండదు.

3. ఒక్కపొద్దు. పగలంతా ఉపవాసముండి, రాత్రి ఉప్మా, గారెలు, పళ్ళు కలిపి రెండు భోజనాలంత తినడం.

4. హోటలు బజ్జీలు, బోండాలు. ఇది అయ్యల ఖాతా.

5. మందు. ఒక క్వార్టరు బ్రాందీలో 400 కెలోరీల పైన ఉంటాయి. పక్కన తినే పకోడీ అదనం.

కాటా కదలకపోయినా మేలు జరుగుతుంది

దయచేసి ఈ భాగం ఇంట్లో రెండుసార్లు చదివి వినిపించండి.

షుగరు వచ్చే దశలో ఉన్న 531 మందిని తీసుకుని చెన్నై డాక్టర్లు మూడేళ్ళపాటు గమనించారు. వాళ్ళంతా 35 నుంచి 55 ఏళ్ళవారు. ఆ ఫలితాలు 2006లో ప్రచురించారు. కొందరికి మామూలు సలహా తప్ప ఏమీ ఇవ్వలేదు. కొందరికి తిండి మార్చుకోవడం, రోజూ కనీసం అరగంట నడవడం నేర్పి, మధ్యమధ్య గుర్తుచేస్తూ వచ్చారు. ఒళ్ళు వంచి పనిచేసేవారిని ఆ పని మానవద్దన్నారు. మూడేళ్ళకు మొదటి గుంపులో నూటికి 55 మందికి షుగరు వచ్చింది. తిండి మార్చుకుని నడిచినవారిలో నూటికి 39 మందికే వచ్చింది. ఆశ్చర్యమేమిటంటే, వీళ్ళ బరువు చెప్పుకోదగినంతగా తగ్గలేదు!

దీని అర్థం మీకు తెలిసే ఉంటుంది. కాటా మీద ముల్లు కదలడం లేదని నడక మానేసిన అమ్మ, తనకు అందుతున్న మేలును చేజేతులా వదులుకుంటోంది. నడిచే కండ రక్తంలోని చక్కెరను తీసుకుంటుంది. పొట్ట లోపలి కొవ్వు కరుగుతుంది. బరువు కూడా తగ్గితే మరీ మంచిది. 70 కిలోల మనిషి మూడున్నర కిలోలు తగ్గినా రక్తపోటులోనూ, చక్కెరలోనూ తేడా కనబడుతుంది. సన్నజాజి తీగలా కానక్కరలేదు.

అందుకని ఒక్క కాటానే నమ్మకండి. నెలకొకసారి పొద్దున్నే పరగడుపున బొడ్డు దగ్గర టేపుతో కొలవండి. ఆడవారికి 80 సెంటీమీటర్లు, మగవారికి 90 సెంటీమీటర్లు దాటకూడదు. అయ్యలకు టేపు కూడా అక్కరలేదు, మొలతాడు చాలు. అది వదులవుతుంటే మీరు దారిలో ఉన్నట్టే. బరువు పదిహేను రోజులకొకసారి చూసుకుంటే చాలు. రోజూ చూస్తే మనసు పాడవడం తప్ప లాభం లేదు.

భార్యాభర్తలిద్దరూ చేయవలసినవి

ఇంట్లో పొయ్యి ఒకటే, కుండ ఒకటే. ఆమెకు ఒక వంట, ఆయనకు ఒక వంట జరగదు. "నువ్వు కొర్రలు తిను, నాకు వేపుడు చెయ్యి" అంటే ఏ ఇల్లాలికీ సాగదు. అయ్యలారా, ఇక్కడే మీ సాయం కావాలి.

1. మనిషికి రోజుకు ఒక పిడికెడు, అంటే 40 గ్రాముల, బియ్యమో కొర్రలో తగ్గించి వండండి. ఆ ఖాళీలో కూర పెంచండి. గోంగూర, తోటకూర, బీర, సొర, మునగాకు ఏదైనా సరే. పళ్ళెంలో సగం కూరలుండాలి.

2. పప్పు తగ్గించవద్దు. కంది మన చేలల్లో పండేదే. పెసలు, అలసందలు, గుడ్డు, మజ్జిగ కండను నిలబెడతాయి. తిండి పూర్తిగా మాని చిక్కితే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది.

3. నూనె ఇంట్లో మనిషికి రోజుకు రెండున్నర చిన్న గరిటెలు మించకూడదు. నలుగురున్న ఇంటికి నెలకు సుమారు మూడు లీటర్లు.

4. టీలో చక్కెర సగం చేయండి. ఉప్పు మనిషికి రోజుకు ఒక చిన్న చెంచా, 5 గ్రాములు చాలు. పచ్చళ్ళలో ఉన్నది కూడా అందులోకే వస్తుంది.

5. రోజూ అరగంట చేతులూపుతూ నడవండి. ఇద్దరూ కలిసి నడిస్తే ఎవరేమనుకుంటారోనన్న బెరుకు ఆడవాళ్ళకు ఉండదు. ఫ్లోరైడు నీళ్ళ వల్ల కీళ్ళు పట్టేసినవారు పదేసి నిమిషాలు మూడుసార్లు నడవండి. నొప్పి ఎక్కువైతే ఆపండి.

6. వారానికి రెండు మూడు రోజులు కండకు పని చెప్పండి. చేతులు ఆనించకుండా పీట మీదనుంచి పదిసార్లు లేచి కూర్చోండి.

పిడికెడు బియ్యం 140, గరిటెడు నూనె 90, మూడు టీల చక్కెర సగం 60, అరగంట నడక 100. అన్నీ కలిపితే రోజుకు దాదాపు 390 కెలోరీలు. కాగితం మీద నెలకు కిలోన్నర. పెరిగిన కూరలూ, పండుగలూ, పెళ్ళిళ్ళూ తీసేస్తే మొదట నెలకు కిలో, తరువాత అరకిలో. నిదానమే ప్రధానం అన్నారు పెద్దలు. వారంలో అయిదు కిలోలు తగ్గిస్తామనే పొడులు, కషాయాలు కొనకండి. మొదటి వారంలో పోయేది చాలావరకు నీరే.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు బరువు తగ్గే ప్రయత్నం చేయకూడదు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ తీసుకునేవారు డాక్టరును అడగకుండా పూటలు మానకూడదు, కళ్ళు తిరిగి పడిపోతారు.

వెంటనే చూపించుకోవలసినప్పుడు

మీరు తగ్గాలని ఏ ప్రయత్నమూ చేయకుండానే ఒళ్ళు తగ్గుతుంటే సంతోషించకండి. 60 కిలోల మనిషి ఆరు నెలలనుంచి ఏడాదిలోపు కారణం లేకుండా మూడు కిలోలు చిక్కితే డాక్టరుకు చూపించాలి. బాగా తింటున్నా చిక్కిపోతూ, దాహం, అతిమూత్రం ఉంటే షుగరు కావచ్చు. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం ఉంటే క్షయ కావచ్చు. దానికి కళ్ళె పరీక్ష, మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. గుండె దడ, చేతుల వణుకు ఉంటే థైరాయిడ్ కావచ్చు. ముట్లుడిగిన తరువాత మళ్ళీ రక్తం కనబడితే ఒక్కరోజు కూడా ఆగవద్దు. ముప్పై దాటిన ప్రతి ఒక్కరూ ఏడాదికొకసారి రక్తపోటు, చక్కెర చూపించుకోండి.

ఇంకొక్క మాట. ఆపరేషన్ చేయించుకోని నలభై ఏళ్ళ తల్లికి నెల తప్పి పొట్ట పెరుగుతుంటే, ముట్లుడుగుతున్నాయిలే, ఒళ్ళు వస్తోందిలే అని ఊరుకోవద్దు. అది గర్భం కావచ్చు. పరీక్ష చేయించుకోండి. యాభై దాటాక నెలసరి ఆగి ఏడాది పూర్తయ్యేదాకా, యాభై లోపే ఆగితే రెండేళ్ళదాకా, నిరోధో కాపర్-టి యో మానకూడదు.

అమ్మలారా, అయ్యలారా! పిల్లలు ఎందరు కావాలో, ఎప్పుడు కావాలో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు. ఆ పిల్లలు పెద్దవాళ్ళై, వాళ్ళ పెళ్ళిళ్ళు చేసి, మనవలను ఎత్తుకునేదాకా ఇద్దరూ గట్టిగా ఉండడం గురించి కూడా అలాగే కూర్చుని మాట్లాడుకోండి. మొదటి పని తేలిక. ఈ రాత్రి అన్నానికి ఎసరు పెట్టేటప్పుడు ఒక పిడికెడు బియ్యం వెనక్కి పోయండి. అన్నం తిన్నాక కాసేపాగి ఊరి చివరిదాకా ఇద్దరూ నడిచి రండి. వచ్చేసారి ఆరోగ్య కేంద్రానికి వచ్చినప్పుడు నడుము కొలత రాయించుకుని వెళ్ళండి.